ఆ అట్టముక్క మీది మాట నాది

క్యాసెట్ల భాయ్ పోయాడు. శుక్రవారం పొద్దున నేను పల్లికాయల గంప దించేసరికి ఆయన దుకాణం షట్టర్ మూసి ఉంది. గద్వాల బస్టాండు దారిలో ఆ దుకాణం మెట్టు పక్కన నేను గంప పెట్టుకున్న ఇన్నేళ్లలో నాకంటే ముందు ఆ షట్టర్ లేవని రోజు లేదు. ఎదురు చాయ్ హోటలతను రోడ్డు దాటి వచ్చాడు. "అవ్వా, ఇయ్యాల గంప ఎత్తుకో. భాయ్ లేడు. కర్నూల్ దవాఖానల తెల్లారంగ పానం పోయిందంట" అన్నాడు. నేను గంప ఎత్తుకోలేదు. ఉడికించిన కాయలు దారిన పోయేవాళ్లకు ఊరికే పంచిపెట్టాను. 

మూడో రోజు వాళ్లింటికి పోయాను. వాకిట్లో కుర్చీలేసుకొని మగవాళ్లు కూర్చున్నారు. నేను చెప్పులు విడుస్తుంటే ఒకాయన అంటున్నాడు: "మంచోడే గని, మన వీపనగండ్ల పిల్ల పాటను సంపిండు. ఆయన ఆ అట్ట రాయకుంటే ఆ పిల్ల ఇయ్యాల యాడుండేదో." పక్కన కూర్చున్న ఇద్దరు తలలూపారు. మట్టి ఆరని మనిషి మీద వేసిన ఆ నింద వినలేకనే ఇది రాయిస్తున్నాను. నాకు చదువు రాదు. భాయ్ కూతురు బడిలో పంతులమ్మ. నేను చెబుతుంటే ఆమె రాస్తున్నది. మాటలను పుస్తకంలో మాటల్లాగా సరిచేస్తానంటే సరేనన్నాను. కోపాన్ని మాత్రం సరిచేయవద్దన్నాను.

భాయ్ మొదట రేడియోలు బాగుచేసేవాడు. తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు కిరాయికి ఇచ్చేవాడు. కళ్లద్దాల కాడ విరిగితే స్పీకరు తీగ చుట్టుకున్నాడు, చచ్చేదాకా అదే తీగ. సీడీని నడిమి నుంచి అంచుకు తుడిచేవాడు, గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయని. నా దగ్గర పల్లికాయ తీసుకుంటే పొట్టు రోడ్డు మీద వేసేవాడు కాదు, అంగీ జేబులో వేసుకునేవాడు. ఆయన భార్య నా ముందు ఆ అంగీలన్నీ దులిపి మడత పెట్టింది. ప్రతి జేబులో పొట్టే. ఒక్క అంగీని మాత్రం ఆమె దులపలేదు.

మీకు గుర్తుందో లేదో, టీవీలో పాటల పోటీలు మొదలైన రోజులవి. ఇంటింటా ఫోన్లు పట్టుకొని ఓట్లు పంపేవాళ్లు. గెలిచినవాడు ఒకడే అయినా ఓడినవాడూ, ఏడ్చినవాడూ, మొదటి వారమే ఇంటికొచ్చినవాడూ తలా ఒక వీడియో పాటల సీడీ తీసి బజారులో వదిలారు. భాయ్ దుకాణంలో టీవీ పొద్దంతా మోగేది, బయట కూర్చున్న నా చెవికి తలుపు లేదు. ఒకరోజు అట్లాంటి ఒకడి సీడీ మోగుతుంటే నేను చెంగుతో చెవులు మూసుకోవడం ఆయన చూశాడు.

"ఏమైందమ్మా, చెవి నొస్తుందా?"

"నా చెవి మంచిగనే ఉంది. వానికే కడుపు నొస్తున్నట్టుంది. మందు తాపియ్యి."

ఆయన మెట్టు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఖాళీ సీడీల పెట్టె చింపి, ఆ అట్టముక్క మీద నేనన్నది నేనన్నట్టే రాసి, ఆ సీడీ పక్కన వేలాడదీశాడు. మరునాడు కిరాయికి వచ్చినవాళ్లు సీడీ కన్నా ముందు అట్ట చదివారు. ఆ రోజు నుంచి కొత్త సీడీ వస్తే ముందు నాకు చూపించాలి. అది మా ఇద్దరి కట్టుబాటు.

దానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. మొదటిసారి టీవీకి వీపు తిప్పి పాట వినాలి. రెండోసారి మోత బంద్ చేసి బొమ్మ చూడాలి. మూడోసారి రెండూ కలిపి. "కన్ను చెవిని మోసం చేస్తదమ్మా, అందుకే ఇద్దర్నీ అలగ్ అలగ్ అడగాలె" అనేవాడు. నేను చెప్పిందాంట్లో మాట మింగితే పట్టుకునేవాడు. "మొగమాటం వద్దు. ఖరాబైన సెట్టును ఖరాబైందనకుంటే బాగుచేసుడెట్ల?" అనేవాడు.

నేను మొగమాటపడలేదు. ఇప్పుడూ పడను. తల్లి చచ్చిపోయిందని ఒకడు పాట పాడాడు. గుట్ట మీద నిలబడి, గుండీలు విప్పుకొని, జుట్టు ఎగరడానికి ఎదురుగా పంకా పెట్టించుకొని. "తల్లి సచ్చి ఏడ్సేటోడు పాట అయిపోయేలోపల నాలుగు అంగీలు మారుస్తడా? శవాన్ని యాడ పండవెట్టి వచ్చిండు?" అన్నాను. అట్ట మీదకెక్కింది. ఇంకొకడు రైతు కష్టం పాడాడు. ట్రాక్టరు మీద కూర్చొని. ఆ ట్రాక్టరు చక్రానికి మన్ను చుక్క లేదు, బండి కదలదు, వెనక పన్నెండు మంది ఆడపిల్లలు మేకల్లాగా ఎగురుతారు. "బండి షోరూంల ఉంది, రైతు సెలూన్ల ఉన్నడు, కష్టం మనకే ఉంది" అన్నాను. ఒక పిల్ల మంచి గొంతుదే, పదం చివర వచ్చిందంటే చాలు, వణికించి వణికించి దాన్ని చంపేది. టీవీలో జడ్జీలు వణికిస్తే చప్పట్లు కొట్టారట. "ఆ వణుకుడు చలి జ్వరానిది. చప్పట్లు కొట్టినోళ్లకే సూది ఇప్పియ్యాలె" అన్నాను. అదీ ఎక్కింది. వీళ్లందరికీ దేవుడు గొంతు ఇచ్చాడు. పోటీ వాళ్లకు పాట ఎవరికోసమో మరిపించి, అద్దం చేతికిచ్చి పంపింది. ఈ మాట నేను ఇప్పుడు కొత్తగా అంటున్నది, అట్టలమీద లేదు.

అట్లా ఉండగా మూడేండ్ల కింద వీపనగండ్ల పిల్ల సీడీ వచ్చింది. పోటీలో చాలా దూరం పోయిన పిల్ల. మన దిక్కు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అంతా ఆ పిల్లకు ఓట్లు గుద్దింది. భాయ్ కూడా గుద్దాడు, నా పేరు మీద ఒకటి, ఆయన పేరు మీద ఒకటి. సీడీలో మొదటిదే నాటు పాట, వరినాట్లప్పుడు పాడేది. నేను కొంగు సర్దుకొని కూర్చున్నాను. ధరూర్ దిక్కు మళ్లల్లో నా నడుము విరిగేదాకా నాటు వేసినదాన్ని. పాట ఎత్తేదాన్ని నేనే.

ముందు వీపు తిప్పి విన్నాను. పాటను ఆ పిల్లే ఎత్తింది, వంత కూడా ఆ పిల్లే అందుకున్నది. మా దగ్గర అట్లా ఉండదు. పాట ఎత్తినామె ఒక వరుస పాడి ఆగుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఏ గొంతు వినపడకపోతే ఆమె వరుసలో వెనకబడిందని లెక్క. అప్పుడు పాట ఎత్తినామె పాటను నిదానం చేస్తుంది, వెనకబడ్డామె వచ్చి కలిసేదాకా. పేరు పెట్టి పిలవదు, తిట్టదు. ఈ పాటలో ఆగే జాగాలన్నీ వాయిద్యాలతో పూడ్చేశారు. ఆ వేగానికి నాటు వేస్తే ఏ మనిషి చేయీ నిలవదు.

తర్వాత మోత తీసేసి బొమ్మ చూశాను. పట్టు లంగా కట్టుకొని ఆ పిల్ల మడిలో ముందుకు నడుస్తున్నది. చేతిలో నారు కట్ట ఊపుతూ మావైపే వస్తున్నది. వెనక పది మంది ఎగురుతూ వస్తున్నారు. నాటు వేసేవాళ్లు ఎప్పుడైనా వెనక్కే నడుస్తారు, నాటింది ముందు ఉంటుంది. ముందుకు నడిస్తే నాటిందంతా కాళ్ల కిందే. ఆ మడి ఎవరిదో గాని, పచ్చటి నాటు మొత్తం బురదలో తొక్కేశారు. 

"రాయి భాయ్" అన్నాను. "ఈ పిల్ల పాడుతలేదు, నాటు తొక్కుతుంది. ఎనకవడ్డోళ్లను ఇడిసిపెట్టి వోయిన పాట ఇది. దీన్ని ఇన్నోళ్లు మడిల కాలు పెట్టొద్దు."

భాయ్ పెన్సిలు పట్టుకొని ఆగాడు. "మన పిల్ల అమ్మా. జర తగ్గించాల్నా?"

"నీ సెట్టు ఖరాబైతే నువ్వు తగ్గించి చెప్తవా?"

ఆయన రాశాడు.

నాలుగో రోజు ఆ పిల్ల తరఫువాళ్లు మోటార్ సైకిళ్ల మీద పది మంది దిగారు. ఒకడు నా గంప అంచు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "ఏం భాయ్, నాటు పాట గురించి నీకేం తెల్సు? మీ ఇంట్ల ఎవలన్న నాటుకు వొయిండ్రా? ఈ రాత ఎవలిది?" అని అరిచాడు. నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అయితే నా కన్ను గంప మీద ఉంది. వాడు కాలు తోస్తే గంప మురికి మోరీలో పడుతుంది. కాయల పైసలు, కట్టెల పైసలు, పొద్దుటి నుంచి పడ్డ కష్టం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రెప్పపాటులో భాయ్ నా మొఖం చూశాడు.

"మాట నాదే" అన్నాడు. "అమ్మా, పల్లీలు సల్లారుతున్నయ్, నువ్వు అమ్ముకో."

"తీసెయ్ అట్ట!"

"తీస్త, అన్నా. సింపను."

తీసి లోపల పెట్టుకున్నాడు. వాళ్లు పోతూ పోతూ నా గంపలోంచి గుప్పెడు కాయలు తీసుకొని పోయారు. ఆ తర్వాత, ఆ సీడీ నడవలేదని ఆ దిక్కు జనం ఆయన మెట్టు ఎక్కడం మానేశారు. ఎవరు ఎదురుపడ్డా "పిల్ల నోటికాడిది గుంజుకున్నోడు" అనేవారు. బజారంతా నా నోటికి భయపడుతుంది, కూరగాయల వాళ్లు నాతో బేరం ఆడరు. అట్లాంటి నేను ఆ పొద్దు కాయలు అమ్ముకుంటూ కూర్చున్నాను. భాయ్ ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. కొత్త సీడీ వస్తే ఎప్పటిలాగే, "రా అమ్మా, టీవీకి వీపు తిప్పు" అనేవాడు.

వానలు తగ్గాక ఆ పిల్ల ఒక్కతే వచ్చింది, మొఖానికి చున్నీ కట్టుకొని. భాయ్‌ను అడిగింది.

"ఆ అట్ట మీరేనా రాసింది?"

"నేనే బిడ్డా."

"తప్పు యాడుందో చెప్పున్రి. గందుకే వచ్చిన."

భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బయట అమ్మ దగ్గర కూసొని జర పల్లీలు తిను బిడ్డా. లోపల పని సూసుకొని వస్త" అని లోపలికి పోయాడు. ఆయనకు లోపల ఏ పనీ లేదని నాకు తెలుసు.

పిల్ల మెట్టు మీద కూర్చున్నది. అడిగాను: "ఎప్పుడన్న నాటు ఏసినవా?"

"లేదవ్వా. మా నాయనకు కిరాణం ఉంది. పాట మా నాయనమ్మది. మ్యూజిక్ సారు స్పీడ్ పెంచిండు."

"మరి ముందుకెందుకు నడిసినవే?"

"కెమెరా ముందుంది గదా అవ్వా."

 లేచి, నడుము వంచి, గంపలోని కాయలు మెట్టు ముందర నేల మీద ఒక్కొక్కటి పెట్టుకుంటూ వెనక్కి నడిచి చూపించాను. పిల్ల సన్నగా పాట ఎత్తింది. నేను వంత అందుకున్నాను. లోపల భాయ్ టీవీ మోత తగ్గించాడు. పోయేటప్పుడు ఆ పిల్ల, "ఆయనకు తెల్వకున్నా నీకన్న తెలిసింది అవ్వా" అన్నది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. రెండుసార్లు నోరు మూసుకున్నాను నేను.

బిడ్డా, ఇది ఎవరైనా నీకు చదివి వినిపిస్తే విను. నీ పాటను తిట్టింది ఆ భాయ్ కాదు, నీకు పల్లికాయ ఇచ్చిన ముసలిది. నా మాటలో నేను గింజంత కూడా వెనక్కి తీసుకోను, ఆ పాట ఇప్పటికీ నాటు తొక్కే పాటే. నీ మీద కోపం ఉంటే వచ్చి నన్ను తిట్టు. ఆయన మాత్రం మీ ఇంట్లోవాళ్ల కన్నా ముందు నీకు ఓటు వేసిన మనిషి.

నిన్న భాయ్ భార్య సొరుగులోంచి అట్టముక్కల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. కూతురు ఒక్కొక్కటి చదివింది. నేనన్న దాంట్లో ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. వీపనగండ్ల పిల్ల అట్ట అన్నిటికన్నా అడుగున ఉంది. పాట ఎత్తినామె ఆగుతుందని చెప్పాను కదా. ఆయన మూడేండ్లు ఆగాడు. వెనకబడ్డది నేను.

దుకాణం ముద్ర వేసే సిరా డబ్బా అడిగాను. ఉప్పు నీళ్లకు పగిలిన బొటనవేలు అద్ది ఆ అట్ట కింద గట్టిగా నొక్కాను.

"అవ్వా, వాళ్లు మల్ల వస్తే?" అన్నది కూతురు.

"రానియ్యి. ఈపారి గంప ఇంట్ల పెట్టొస్త."

ఇద్దరం పోయి, మూసిన షట్టర్ కొక్కేనికి స్పీకరు తీగతో దాన్ని కట్టి వచ్చాము. ఒకవైపు సీడీల కంపెనీ అచ్చేసిన హీరో బొమ్మ, ఒకవైపు భాయ్ రాత. గాలికి తిరుగుతూ ఉంది. హీరో వచ్చినప్పుడు ఎవరూ ఆగడం లేదు. రాత తిరిగినప్పుడు జనం ఆగి, కిందికి వంగి, ఆ నీలి వేలిముద్రను చూస్తున్నారు.