నోరు కట్టుకున్న పురుగులు

పంట పురుగుల్ని చంపే సూక్ష్మజీవులను పెంచడం ఆమె ఉద్యోగం. ఆ సూక్ష్మజీవులతో చేసిన పొడితో ప్రయోగశాల డబ్బాల్లో పురుగులు చావడం చూసింది కానీ, పొలంలో ఎప్పుడూ చూడలేదు. అన్నయ్య క్యాబేజీ తోటకు పురుగు పట్టిందని తెలిసి, తనే పట్టుబట్టి ఆ పొడి నీళ్లలో కలిపి కొట్టించింది.

మర్నాడే వదిన ఫోన్ చేసింది. "నీ మందు తాగి పురుగులు హాయిగా కూర్చున్నాయి. మీ అన్నయ్య ఘాటు మందు కలుపుతున్నాడు."

ఆమె పరుగున వెళ్లింది. అన్నయ్య డ్రమ్ములో కర్ర తిప్పుతున్నాడు.

"తోటంతా తినేదాకా చూస్తూ కూర్చోమంటావా?" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆమె ఒక ఆకు తిప్పింది. పురుగు కదిలింది. అయినా ఆమె వంగి చూసింది. ఆకు రంధ్రాల అంచులు ఎండిపోయి ఉన్నాయి. కొత్తగా కొరికిన జాడ లేదు. పక్క మొక్కలూ అంతే.

"అన్నయ్యా, ఇవి తినడం మానేశాయి! కడుపు పాడైంది. రేపటిదాకా ఆగు. తోట పోతే నన్ను తిట్టు."

"తిడితే తోట తిరిగొస్తుందా?" అన్నాడు కానీ, కర్ర పక్కన పెట్టాడు.

ఆ రాత్రి ఆమె అక్కడే ఉండిపోయింది, కంటిమీద కునుకు లేదు. తెల్లారేసరికి పురుగులు నల్లబడి ఆకులకు వేలాడుతున్నాయి. గట్టు పక్క మొక్కలు అప్పటికే పోయాయి, మిగతా తోట నిలబడింది.

వదిన ఊపిరి పీల్చుకుని ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇవి నిదానంగా చస్తాయని ముందే చెప్పి చావొచ్చుగా!"