ఏదీ నిలవ ఉంచని మా చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. రాజంపేటలో నేను మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తుండగా టెలిగ్రాం వచ్చింది. అందులో ఉన్నది ఒక్క ముక్కే. మిగతాది కర్నూలు చేరాక ఇరుగుపొరుగు చెప్పారు. అలసటగా ఉందని కూర్చుందట, కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. చిన్నమ్మను ఎరిగినవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. ఆమె కూర్చోగా మేము చూసింది చాలా తక్కువ.

వెళ్లి వచ్చినప్పటినుంచి నాకూ కాలు నిలవడం లేదు. ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటాను. లేచి అలమర తెరుస్తాను. ఏం వెతుకుతున్నానో తెలియక మళ్లీ మూసేస్తాను. పొయ్యి మీద పెట్టింది మాడిపోయిందని మా ఆయన పిలిస్తే తప్ప గుర్తు రావడం లేదు. అందుకని ఇది ఒక వరసలో లేకపోతే చదివేవాళ్లు మన్నించాలి.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. కర్నూలు పాతూళ్లో, ఏటికి దగ్గరి సందులో కాపురం. చిన్నాయన మగ్గం నేసేవాడు. పెళ్లైన కొన్నేళ్లకే జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో చిన్నమ్మ, ఆమె అత్త మిగిలారు. ఆ అత్తను మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం. టీచరు ట్రైనింగుకని నేను కర్నూలు వచ్చి వాళ్ల దగ్గరే ఉన్నాను. చిన్నమ్మ నేతగాళ్లకు నూలు చుట్టి ఇచ్చేది. ఆ కూలి మీదే ముగ్గురం బతకాలి. అవి వానలు లేని ఏళ్లు. రెండు పూటలా జొన్న సంగటి, ఉంటే చింతాకు పప్పు, లేకపోతే ఎర్రకారం.

ఆ ఇంట్లో పొదుపు రెండు రకాలుగా ఉండేది. అవ్వ పొదుపు ఏదీ పారేయకపోవడం. చిన్నమ్మ పొదుపు పనిలేనిది ఉంచకపోవడం. ఇద్దరూ కరువు చూసినవాళ్లే. ఒకరికి ఆ భయం మూటలు కట్టడం నేర్పింది, ఇంకొకరికి విప్పడం నేర్పింది. వంటింటి వెనక సామాన్ల గది ఒకటి ఉండేది. అది అవ్వ రాజ్యం. నెర్రెలిచ్చిన కుండలు, అడుగు పోయిన బిందెలు, చువ్వలు మాత్రమే మిగిలిన గొడుగు, తాళ్ల ముక్కలు, రేకు డబ్బాలు, పాతగుడ్డల మూటలు పైకప్పు దాకా ఉండేవి. వాటన్నిటి వెనక, గోడకు ఆనించి, విప్పి కట్టలు కట్టిన చిన్నాయన మగ్గం.

ఒకసారి జల్లెడ కనిపించక చిన్నమ్మ కొత్తది కొనుక్కొచ్చింది. మరునాడు ఎలుకను తరుముతూ ఆ గదిలోకి పోతే మూటల వెనక పాత జల్లెడ, దాని కింద ఇంకొకటి దొరికాయి. అన్నిటినీ తెచ్చి అవ్వ ముందు పెట్టింది.

“చూడత్తా. ఉండేది కనపడకపోతే లేనట్లే గదా. మళ్లా కొనాల. ఇదేం పొదుపు?”

“ఒకటి చినిగితే ఇంగోటి ఉంటాదని పెట్టినా,” అంది అవ్వ.

“పనిలేనిది ఇంట్లో ఉంటే మనమే దానికి పని చేయాల. దులపాల, జరపాల, ఎలకల్ని తోలాల. కరువులో దాయాల్సింది గింజల్ని అత్తా, చిప్పల్ని కాదు.”

అవ్వ వాటిని తన దగ్గరికి లాక్కుంది. సాయంత్రానికల్లా ఆ జల్లెళ్లు మళ్లీ సామాన్ల గదిలోకి పోయాయి.

అప్పుడే రాజధాని కర్నూలుకు వచ్చింది. ఆఫీసులతో పాటు గుమాస్తాలూ వాళ్ల కాపురాలూ వచ్చి పడ్డాయి. ఇళ్లు చాలక చాలామంది డేరాల్లో ఉండేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఒక గుమాస్తా, ఆయన భార్య మా సందులో ఇల్లిల్లూ అడుగుతూ వచ్చారు. ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఎండకు ముఖం కమిలిపోయి, మా గడప పట్టుకుని నిలబడింది.

“గది ఏమైనా ఉందామ్మా?” అని అడిగాడాయన.

“ఉండాది,” అనేసింది చిన్నమ్మ.

నేను తెల్లబోయాను. ఇంట్లో ఖాళీ గది ఎక్కడిది? అవ్వ కూడా ఊళ్లో లేదు. కూతురి కాన్పుకని ఎర్రగుంట్ల పోయి ఉంది.

నాలుగు రోజుల్లో సామాన్లతో వస్తామని వాళ్లు అటు వెళ్లగానే చిన్నమ్మ కొంగు బిగించి సామాన్ల గదిలోకి దూరింది. ఆ రోజుల్లో ఆమెను చూస్తే నాకు ఆయాసం వచ్చేది. ఒక్కొక్క వస్తువూ తెచ్చి నా ముందు పెట్టి “ఇది యాడికి పోవాల?” అని అడిగేది. పారేద్దామా అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. రేకు డబ్బాలు మజ్జిగ అమ్మే ఆమెకు పోయాయి. తాళ్లు పక్కింటి గేదెకు పోయాయి. నెర్రెలిచ్చిన కుండల్లో మన్ను పోసి తోటకూర విత్తనాలు చల్లింది. పాత చీరలు ఉడకబెట్టి, ఉతికి, చదరంగా చింపి, పుట్టబోయే బిడ్డకని మడత పెట్టింది. తినేటప్పుడు కూడా నిలబడే తినేది.

చివరికి మగ్గం మిగిలింది. చిన్నమ్మ దాని మీద చెయ్యి వేసింది, తీసింది. నీళ్లకని పోయి వచ్చింది. మళ్లీ చెయ్యి వేసింది. తరవాత పాత సామాన్లు కొనే సాయిబును పిలిపించింది.

“తీసుకపో సాయిబన్నా. నేసేటోనికే ఇయ్యాల. పొయ్యిలోకి మాత్రం పోనీయొద్దు.”

“నా మాట నమ్ము చెల్లెమ్మా,” అన్నాడు సాయిబు, బండికి ఎత్తుకుంటూ.

గుమాస్తా కుటుంబం వచ్చి చేరింది. పదిరోజులు గడవకముందే అవ్వ ఎర్రగుంట్ల నుంచి దిగింది. గడపలోనే ఆమెకు ఏదో తెలిసిపోయింది. మూట దించకుండా నేరుగా వెనక గదికి పోయింది. అక్కడ మంచం మీద గుమాస్తా భార్య పడుకుని ఉంది.

అవ్వ వెనక్కు వచ్చి అడిగింది. “నా కొడుకు కూచున్న మగ్గం యాడమే?”

“అమ్మేసినా అత్తా.”

“నన్నొక మాట అడిగినావా?”

చిన్నమ్మ ఆమె మూట అందుకోబోయింది. అవ్వ అరుస్తుందని, ఏడుస్తుందని చూశాను. ఏమీ చేయలేదు. చాప తీసుకుని వీధి అరుగు మీదికి పోయి కూర్చుంది. చిన్నమ్మ కలిపి తెచ్చిన ముద్ద ముట్టలేదు. గుమాస్తా భార్య బతిమాలి నాలుగు మెతుకులు తినిపించింది. చిన్నమ్మ మాత్రం చిమ్మిన ఇల్లే మళ్లీ చిమ్మింది, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. రెండో రోజుకు నాకు కూడా ఆ ఇంట్లో ఊపిరాడలేదు.

“పా, పోదాం,” అంది చిన్నమ్మ ఒక పొద్దున నాతో. సాయిబు దగ్గరికి పోయాం. కోడుమూరులో ఒక నేతగానికి ఇచ్చానని గుర్తు చెప్పాడు. బస్సెక్కాం. దారి పొడుగునా చిన్నమ్మ కొంగు చివర వేలికి చుట్టడం, విప్పడం. “మళ్లా తెచ్చి యాడ పెడతావు చిన్నమ్మా?” అన్నాను. “నా నెత్తిన పెట్టుకుంటా,” అంది.

ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధి మలుపులోనే మగ్గం చప్పుడు వినిపించింది. మగ్గం గుంటలో ఒక నడివయసు మనిషి కాళ్లాడిస్తూ నేస్తున్నాడు. పక్కన భార్య నూలు చుడుతోంది. మగ్గం మీద సగం నేసిన చీర. చిన్నమ్మ వచ్చిన పని చెప్పింది. పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడె అతని చేతిలో ఆగిపోయింది.

“కరువులో మా మగ్గం అమ్ముకుని రాళ్లు కొట్టే పనికి పోయినాం తల్లీ,” అన్నాడు. “మళ్లా ఇప్పుడే కూచున్నా. మీ ఇంటాయనదంటాండారు. కాదనలేను. ఈ చీర దించేదాకా ఆగితే సాలు.”

అతని భార్య తల ఎత్తలేదు. రాట్నం మాత్రం ఆపేసింది.

చిన్నమ్మ మగ్గం వైపే చూస్తూ నిలబడింది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ కట్టెలు కదలగా నేను చూడలేదు. ఆమెకు మాత్రం ఆ చప్పుడు కొత్త కాదు. “నెయ్యప్పా,” అంది. “ఆపొద్దు. నెయ్యి.” అతను నేశాడు. చిన్నమ్మ గోడవార కూర్చుంది. సాయంత్రం బస్సు వచ్చేదాకా అక్కడినుంచి లేవలేదు. ఆమె అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను అదొక్కసారే చూశాను.

మరుసటి వారం అవ్వను తీసుకుపోయాం. ఎక్కడికో చెప్పకపోతే రానంది. చెప్పాక అసలే రానంది. చివరికి గుమాస్తా భార్య, “పోయి చూసి రండి అవ్వా, చూడకుండా ఎట్లా కోప్పడతారు?” అంటే కదిలింది. నేతగాని ఇంట్లో అవ్వ మగ్గం చుట్టూ తిరిగింది. కట్టెను వేలి కణుపుతో తట్టి విన్నది. నేసిన బట్టను రెండు వేళ్ల మధ్య పట్టి చూసింది.

“పోగు వదులు పెట్టినావు గదప్పా. మావోడు ఇట్ల పెట్టేటోడు కాదు.”

“బిగిస్తా అవ్వా.”

“అచ్చుకు దుమ్ము పట్టింది. దులపవా?” పోగులు దూర్చిన దువ్వెనలాంటి చట్రాన్ని చూపించింది.

“దులుపుతా అవ్వా.”

అవ్వ ఇంకా ఏదో అనబోయి, చీర అంచు కళ్లకు పెట్టుకుంది. నేతగాని భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అవ్వ చిన్నమ్మ వైపు చూడకుండానే, “దానికీ ఇయ్యి. పొద్దున్నుంచి ఏం తినల్యా,” అంది.

బస్సు ఎక్కేటప్పుడు అవ్వ చెయ్యి చాపింది. చిన్నమ్మ పట్టుకుంది. కూర్చున్నాక అవ్వ అడిగింది. “ఇంగ ఏమేమి అమ్మినావో ఇప్పుడే చెప్పు. ఒకేసారి ఏడుస్తా.”

చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. “నిన్ను అడక్కపోవడం తప్పే అత్తా,” అంది. ఆ తరవాత ఏ వస్తువునైనా అవ్వకు చూపించకుండా గడప దాటించలేదు. అవ్వ కూడా కొన్నిటికి “పోనీలే” అనడం నేర్చుకుంది. కొన్నిటికి మాత్రం గట్టిగా అడ్డం పడేది. రోజూ ఆ తగువు జరిగేది, రోజూ ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు.

వెనక గదిలోనే గుమాస్తా భార్యకు ఆడపిల్ల పుట్టింది. నీళ్లు పోసింది అవ్వే. కొన్నేళ్లకు రాజధాని హైదరాబాదుకు పోయింది, వాళ్లూ పోయారు. పోతూ ఒక కుర్చీ, రెండు డబ్బాలు మాకని వదిలితే, చీకటి పడకముందే చిన్నమ్మ వాటికి వేరే ఇళ్లు చూసింది. నాకు రాజంపేటలో ఉద్యోగం వచ్చింది. అవ్వ కాలం చేసింది. సెలవులకు పోయినప్పుడల్లా ఇల్లు ఇంకొంచెం ఖాళీగా కనిపించేది. అవ్వ కట్టి దాచుకున్న గోనె మూట ఒక్కటి మాత్రం మూలలో అట్లాగే ఉండేది. “ఇదేమి చిన్నమ్మా, దీన్ని పంపించలేదా?” అని అడిగాను ఒకసారి.

“దాని పని ఇంగా అయిపోలేదులే,” అంది, వేరే వైపు చూస్తూ. తరవాతి సెలవులకు అది కూడా లేదు.

మొన్న దినం అయ్యాక, ఇల్లు సర్దడానికి చాలా సమయం పడుతుందనుకున్నాం నేను, మా ఆయన. పొద్దెక్కకముందే పని అయిపోయింది. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి “రోలు నాకని చెప్పినాది”, “చాట మా కోడలికన్నాది” అన్నారు. ఒకరి మాటకు ఒకరు అడ్డు చెప్పలేదు. అన్నీ ముందే పంచి పెట్టుకుంది. నాకేం చెప్పి పోయిందో ఎవరికీ తెలియదు. ఏదైనా ఒక్కటి, ఆమె చెయ్యి పడింది ఏదైనా ఒక్కటి తీసుకుపోదామని ఇల్లంతా తిరిగాను. తిరిగిన చోటే తిరిగాను. వెనక గదిలోకి పోయాను.

అక్కడ ఒక గోడకు సగం సున్నం వేసి ఉంది. మూలలో సున్నం కుండ, దాని మీద అడ్డంగా కుంచె.

“ఆస్పత్రిలో పనిచేసే పిల్లెవరో గదికి వస్తాదని సున్నం కొట్టుకుంటాన్నింది,” అంది ఎదురింటామె నా వెనకనుంచి. “మనిషిని పెట్టుకో అంటే వినల్యా. ఈ గోడ కానిచ్చి వస్తానన్నాది.”

కుంచె గట్టిపడిపోయింది. కుండ పైన నీళ్లు తేరుకుని, అడుగున సున్నం పేరుకుని ఉంది. నేను కలిపాను. కుంచె నానబెట్టి, ఆమె చెయ్యి ఆగిన చోట మొదలుపెట్టాను. నా సున్నం మొదట మసకగా, తడిమన్ను రంగులో ఉండి, ఆమెది ఎంతవరకో గీత గీసినట్టు కనిపించింది. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. గోడ ఆరుతోంది. చూస్తుండగానే నాది తెల్లబడుతూ వచ్చింది. ఇంకాసేపటికి ఎక్కడ ఆమె ఆపిందో, ఎక్కడ నేను అందుకున్నానో కనిపించకుండా పోయింది.