వర్లీన్ ముందు పెట్టిన పళ్ళెం

నేను చదివింది కోల్డ్ బ్రాంచ్ చర్చి వెనకనున్న ఒంటిగది బడిలో. అంతకు మించి చదువు అబ్బలేదు. అయినా ఈ కౌంటీ వాళ్ళు బడి బస్సు నా చేతికే ఇచ్చారు. నేను స్టీరింగు పట్టుకున్నన్నాళ్ళు ఒక్క పిల్లకు గోరంత గీత పడలేదు. చర్చికి ఇటుక వంటిల్లు కట్టించింది నేను. చర్చి పనులు చూసే డీకన్లలో పెద్దను నేను. ఆదివారం ఆరాధన అయ్యాక, మంచాన పడ్డవాళ్ళకూ ఇల్లు కదలలేని ముసలివాళ్ళకూ పళ్ళెం సర్ది, ఫాయిల్ కాగితం కప్పి, గుమ్మం దాకా తీసుకెళ్ళి ఇచ్చే పని ఒక్క వారం కూడా తప్పకుండా నడిపింది నేను. దక్షిణ జార్జియాలో ఈ వాడుక ఏ చర్చికెళ్ళినా ఉంటుంది గానీ, మా అంత క్రమంగా నడిపినవాళ్ళు లేరని పక్క కౌంటీ పాస్టరు గారు నలుగురిలో అన్నారు.

అయితే ఆ పళ్ళేల్లోకి వెళ్ళిన వంట మాత్రం నా చెల్లెలు వర్లీన్‌ది. నేను రాయబోయేది ఆమె గురించే.

మా అమ్మ పోయేనాటికి వర్లీన్‌కు పొయ్యి అందేది కాదు. నాన్న వేరుశెనగకాయల పెట్టె ఒకటి బోర్లించి ఇచ్చాడు. దాని మీద నిలబడి మా అందరికీ వండింది. మేమంతా తిన్నాక, ఒక చిన్న సాసరులో ఇంత వేసుకుని, పొయ్యి పక్కనే నిలబడి తినేది. ఆ పెట్టె ఎప్పుడో పొయ్యిలో కట్టె అయిపోయింది గానీ ఆ నిలబడి తినడం పోలేదు. లూథర్‌ను పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది, లూథర్‌ను సాగనంపింది. కౌంటీ బడిలో వంటమనిషిగా చేరి తల నెరిసేదాకా అక్కడే వండింది. నేను బస్సులో తెచ్చి దించిన పిల్లలకు మధ్యాహ్నం ఆమె అన్నం పెట్టేది. ఇద్దరం కలిసి ఈ ఊరి పిల్లల్ని పెంచామని నేను సభలో చెబితే, "అన్నయ్యా, నువ్వు హారన్ కొట్టావు, నేను గిన్నెలు తోమాను, అంతే" అని నవ్వేది.

ఆమెకు గిట్టనిది ఒక్కటే. ట్రేల్లో మిగిలిందంతా చెత్తలో వెయ్యాలని బడిలో నియమం. అది వేసేటప్పుడు తల పక్కకు తిప్పుకునేది.

కిందటి చలికాలంలో ఆమె గొంతులో గడ్డ తేలింది. రేడియేషన్ పెట్టారు. గడ్డ తగ్గలేదు గానీ నాలుక మీద రుచి మొత్తం పోయింది. మింగడం కష్టమైంది. మాట గుసగుసగా మిగిలింది. పల్చటి కోడి రసం, చల్లటి మిల్క్‌షేక్, వాటితోనే రోజులు గడిచేవి. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పిన వారమే కూతురు రెనీటా, "అమ్మని ఫ్లోరిడాలో ఓర్లాండో ఆటల పార్కుకి తీసుకెళ్దాం మామయ్యా, కెజాయాతో కలిసి ఒక్కసారి చూస్తుంది" అంది. కెజాయా రెనీటా కూతురు. ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయసు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అందరం వర్లీన్ వంటింట్లో చేరాం. తనేమీ తినలేకపోయినా పొయ్యి దగ్గర నిలబడి మాకోసం కొలార్డ్ ఆకుకూర ఉడికిస్తోంది. రెనీటా ఫోను బల్ల మీద పెట్టింది.

"ముందే కట్టేసే మీల్ ప్లాన్ ఉంది. ఒక్కసారి కట్టేస్తే పొద్దున్నుంచి రాత్రిదాకా తిండి గొడవే ఉండదు. అమ్మ గరిటె ముట్టుకోనక్కర్లేదు" అంది.

వర్లీన్ కొడుకు ఓడెల్ కుర్చీని వెనక్కి వాల్చాడు. వాడు దుంగల లారీ తోలుతాడు, ప్రతిదానికీ బరువు చూస్తాడు. "అక్కా, ఆ ఎండలో తిరిగితే ఎవరికి ఆకలేస్తుంది? నీ కూతురు మూడు బంగాళాదుంప ముక్కలు తిని చాలంటుంది. దానికో పూర్తి భోజనమా? పైగా వాళ్ళు చెప్పిన గంటకి వాళ్ళు చెప్పిన బల్ల దగ్గర ఉండాలి. పార్కు చూస్తామా, బల్లల వెంట పరిగెడతామా? పొయ్యి ఉన్న గది తీసుకుందాం. రొట్టె, మాంసం కొనుక్కుంటే సరి."

"ఆ పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు, నువ్వా?"

"నేను గుడ్లు వేయగలను."

"నువ్వేసిన గుడ్లు మీ కుక్క కూడా తినదురా."

కెజాయా బల్ల అంచు పట్టుకుని గెంతింది. "ప్లాన్ ఉంటే ఎలుగుబంటి మన బల్ల దగ్గరికి వస్తుంది మామయ్యా!"

"ఎలుగుబంటి కాదమ్మా, తోలు తొడుక్కున్న మనిషి. పాపం లోపల చెమటకి ఉడికిపోతుంటాడు" అన్నాడు ఓడెల్. పిల్ల వాడి కాలు మీద తన్నింది.

అప్పుడు రెనీటా గొంతు తగ్గించింది. "ఇంకోటుంది. ఒక గదిలో ఉండేవాళ్ళంతా ప్లాన్ తీసుకోవాల్సిందే. ఒకరిని వదిలేస్తామంటే కుదరదు."

వర్లీన్ మాకు వీపు చేసి నిలబడే ఉంది. ఓడెల్ కుర్చీ ముందుకు దింపాడు.

"అంటే అమ్మకి కూడా తీసుకుని, తినలేని మనిషి ముందు తిండి పెట్టి చూపిస్తావా?"

"మరి నువ్వేం చేస్తావు? అమ్మ పేరు తీసేసి వేరే గదిలో పడుకోబెడతావా? మనం తింటుంటే గదిలో ఒంటరిగా కూర్చోమంటావా?"

"నేనలా అన్లేదు!"

"మామయ్యా, నువ్వే చెప్పు."

నన్నడగడం సబబే. కౌంటీ బడి పిల్లల్ని అట్లాంటా దాకా తీసుకెళ్ళి తిండి పెట్టించి తెచ్చినవాణ్ణి. "ఓడెల్ చెప్పిందే సరి. చిన్న పిల్ల, తినలేని మనిషి ఉన్న కుటుంబానికి ఈ ప్లాన్ పనికిరాదు. పొయ్యి ఉన్న గది తీసుకోండి, రసం నేను కాస్తాను" అన్నాను.

వర్లీన్ పొయ్యి ఆపింది. గరిటె పక్కన పెట్టి, మావైపు తిరిగింది. ఆమె మాట వినాలంటే ఊపిరి బిగపట్టాలి, అందుకని అందరం ఊపిరి బిగపట్టాం.

"అన్నయ్యా, నేను కూర్చుని తినగా నువ్వెప్పుడన్నా చూశావా?"

నేను జ్ఞాపకం చేసుకోబోయాను. పండగలు, పెళ్ళిళ్ళు, లూథర్ పోయినప్పటి భోజనం కూడా. ఎక్కడ వెతికినా ఆమె చేతిలో సాసరుతో నిలబడే ఉంది.

"నా పేరు కూడా రాయించు రెనీటా" అంది. "తినడానికి కాదు. పరాయి మనిషి ఎవరన్నా నన్ను కూర్చోబెట్టి నా ముందు పళ్ళెం పెడితే ఎట్లా ఉంటుందో చూడాలి. ఆఖరికి ఈ ముచ్చటన్నా తీరనీ."

ఓడెల్ లేచి బయటికెళ్ళి, వాకిట్లో లారీ టైర్లను చాలాసేపు తన్నాడు. రెనీటా ప్లాన్ తీసుకుంది.

వేసవి సెలవుల్లో వెళ్ళాం. కారు నేనే నడిపాను. దారంతా వర్లీన్‌కు కుదుపు తెలియకుండా తీసుకెళ్ళాను, కావాలంటే పిల్లల్ని అడగండి. పార్కులో చక్రాల కుర్చీ తీసుకున్నాం. ఎండ మాడు పగలగొడుతోంది. ఓడెల్ అన్నవన్నీ అక్షరాలా జరిగాయి. కెజాయా మూడు ముక్కలు తిని చాలంది. బల్ల టైము అవుతోందని సగం లైనులోంచి బయటికి వచ్చేసి కుర్చీ తోసుకుంటూ పరిగెత్తాం. ప్లానులో వచ్చే చిరుతిండి కింద వర్లీన్‌కు మిల్క్‌షేక్ ఇప్పించాం. అది ఒక్కటే ఆమె గొంతు దిగింది.

బఫే హాల్లో మాత్రం చిన్న గొడవైంది. వర్లీన్ తన పళ్ళెం నిండా వేయించిన చేప, మాకరోనీ, బఠాణీలు వడ్డించుకుంది. మేం తిని లేచే సమయానికి సంచీలోంచి ఇంటి దగ్గర మడతపెట్టి తెచ్చుకున్న ఫాయిల్ కాగితం తీసి, పళ్ళెం మీద కప్పి అంచులు నొక్కుతోంది. చర్చి పళ్ళేలు ఎలా కప్పేదో అచ్చం అలాగే. గ్లెండా అని పేరు బిళ్ళ పెట్టుకున్న వడ్డనామె పరుగున వచ్చింది.

"అమ్మా, ఇక్కడిది ఇక్కడే తినాలి, బయటికి తీసుకెళ్ళకూడదు."

"ఇది నా వంతేగా తల్లీ. నేను తినలేను, అంతే. ఎవరైనా మంచంలో ఉన్నవాళ్ళుంటే ఇద్దామని."

"ఈ హోటల్లో మంచంలో ఎవరుంటారమ్మా?"

ఆ మాటకు వర్లీన్ చెయ్యి ఆగింది. రెనీటా మెల్లగా ఫాయిల్ తీసేసింది. గ్లెండా పళ్ళెం తీసుకెళ్ళి డబ్బాలో వంచింది. వర్లీన్ తల పక్కకు తిప్పుకుంది. ఓడెల్ నా చెవిలో, "నేను ముందే చెప్పాను మామయ్యా" అన్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆ రాత్రి భోజనం ఎగ్గొడదామని వాడు అన్నాడు. నేనూ సరేనన్నాను. వర్లీన్ ఒప్పుకోలేదు. "బఫేలో నా పళ్ళెం నేనే తెచ్చుకున్నాను. అది లెక్కలోకి రాదు" అంది.

అదే మా ఆఖరి రోజు. సాయంత్రం బల్ల దగ్గరికొచ్చి వడ్డించే చోటికి వెళ్ళాం. తెల్లని గుడ్డ పరిచిన బల్ల. వర్లీన్ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది, టోపీ పెట్టుకుంది. చక్రాల కుర్చీ వద్దని, మామూలు కుర్చీలో కూర్చుంది. పళ్ళేలు వస్తుంటే అలవాటు చొప్పున లేవబోయింది.

"అమ్మా, కూర్చో!" అంది రెనీటా.

కూర్చుంది. వడ్డించే కుర్రవాడు ఒంగి, "మీకోసం ఇదిగోండమ్మా, వేడిగా ఉంది, జాగ్రత్త" అని ఆమె ముందు పళ్ళెం పెట్టాడు. వేయించిన కోడి, వెన్న వేసిన బంగాళాదుంప ముద్ద, కొలార్డ్ ఆకు. వర్లీన్ రెండు చేతులూ పళ్ళానికి అటూ ఇటూ పెట్టుకుని చూసింది. ఆవిరి మొహానికి తగులుతోంది. మేమెవరం ఫోర్కు ముట్టుకోలేదు. కెజాయా కూడా.

ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. తరవాత ఫోర్కు అంచుతో బంగాళాదుంప ముద్ద కాస్త తీసి, నాలుక కొసన ఆనించుకుంది. మా అందరినీ ఓసారి చూసింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

ఆమె నాలుకకు ఉప్పు తెలియదని మాకందరికీ తెలుసు. అయినా ఓడెల్ చెయ్యి చాచి ఉప్పు డబ్బా అందించాడు. ఆమె చల్లుకుంది. ఇంకోసారి ఆనించుకుని, "ఇప్పుడు బాగుంది. ఇక మీరు తినండి" అంది. అప్పుడు తిన్నాం. పళ్ళెం చల్లారిపోయేదాకా వర్లీన్ కుర్చీలోంచి లేవలేదు. ఆ పళ్ళెం ఓడెల్ తన ముందుకు లాక్కుని ఎముక మిగిలేదాకా తిన్నాడు. దానిలోంచి చెత్తలోకి ఏమీ పోలేదు.

ప్లాన్ తీసుకోవచ్చా అని చర్చిలో ఇప్పటికీ నన్నడుగుతుంటారు. పెద్దవాణ్ణి, వెళ్ళొచ్చినవాణ్ణి కదా. చిన్న పిల్లలుంటే దండగ, టైము చూసుకు పరిగెత్తాలి, పొయ్యి ఉన్న గదే మేలు అని చెబుతాను. నిజమే అది. ఆ పైన చెప్పాల్సింది ఇంకా ఉంది గానీ, అది చెప్పకుండానే పళ్ళేలు సర్దడానికి వెళ్ళిపోతాను.

పత్తి తీసే రోజుల్లో వర్లీన్ పోయింది. సమాధి దగ్గర్నుంచి వచ్చాక నేను కట్టించిన వంటింట్లో ఆడవాళ్ళు భోజనాలు పెట్టారు. ఊరంతా తిన్నారు. చివర్లో నేను ఎప్పటిలాగే ఒక పళ్ళెం సర్దాను. కోడి, కొలార్డ్, మాకరోనీ, ఓ పక్కన మొక్కజొన్న రొట్టె. ఫాయిల్ కప్పి, అంచులు నొక్కి, కారులో పక్క సీటు మీద పెట్టుకుని బయల్దేరాను. కిందటి చలికాలం నుంచి ఆదివారం ఆదివారం ఆమెకి అలాగే తీసుకెళుతున్నాను. తినలేదని తెలిసీ తీసుకెళ్ళాను, ఆమె మూత తీసి వాసన చూసి, ఎవరు వండారో చెప్పేది.

ఆమె వాకిట్లో కారు ఆపాక గానీ ఎక్కడికొచ్చానో నాకు తెలియలేదు. తలుపుకు తాళం ఉంది.

అక్కడే కూర్చున్నాను. వెనక్కి తీసుకెళ్ళి పారెయ్యడానికి మనసు రాలేదు. వెళ్ళి మెట్ల పక్కన నిలబడి, ఫాయిల్ విప్పి, చేత్తోనే మొత్తం తిన్నాను. చల్లారిపోయింది. ఉప్పు సరిగ్గానే ఉంది.