నిమ్మపండు రంగు దారం

ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. బడి పంతులు కాదు, బట్టలు కుట్టే మాస్టారు. నలభై ఏళ్ళుగా ఒకటే ప్రగల్భం: "నేను కుట్టిన చొక్కా తిరగేసి చూడండి. ఒక్క పోగు వేలాడినా నా కత్తెర మీరే పట్టుకుపొండి."

అది నిజమే. బట్ట చేతికిచ్చే ముందు తిరగేసి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, వెంట్రుకంత పోగునైనా కత్తిరించందే మడత పెట్టడు. ఆ భోగమంతా బయటివాళ్ళకే. ఇంట్లోవాళ్ళ బట్టలైతే "మనవే కదా" అని వదిలేస్తాడు. భార్య తొడుక్కునే వాటి లోపల వేలాడే దారాలన్నీ పోగేస్తే ఇంకో జత కుట్టొచ్చు.

మూడు నెలల మనవరాలికి కాలితొడుగులు కూడా అలాగే చేత్తో కుట్టాడు. మిగిలిన మెత్తటి గుడ్డ, నిమ్మపండు రంగు దారం, భోజనానికి ముందు ఓ అరగంట. పాప కాళ్ళకి తొడిగి, "కొంటే దొరుకుతాయా ఇలాంటివి?" అని తన్ను తానే మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి పాప ఒకటే ఏడుపు. పాలు తాగదు, ఎత్తుకున్నా ఊరుకోదు. మాస్టారు ఏ చదువూ లేకుండానే వైద్యుడైపోయాడు. మొదట కడుపునొప్పి అన్నాడు. గంటయ్యాక చెవిపోటు అన్నాడు. "అడ్డమైనవన్నీ తిని పాలిస్తే ఏడవదూ?" అని కూతుర్ని కసురుకున్నాడు. చివరికి తొడుగులు విప్పి చూసింది ఆయన భార్యే. కుడికాలి రెండో వేలు ఉబ్బిపోయి వంకాయ రంగుకి తిరిగింది.

"చీమ కుట్టినట్టుంది," అన్నాడు మాస్టారు.

"మీరింక నోరు మూసుకోండి," అంది భార్య.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ ఆ వేలిని భూతద్దంతో చూసింది. "చుట్టూ ఏదో బిగుసుకుపోయింది. చాలా అరుదు, పదిహేనేళ్ళలో నేను చూడటం ఇది రెండోసారి. తల్లి వెంట్రుక అయ్యుంటుంది, కాన్పయ్యాక జుట్టు రాలుతుంది కదా. రక్తం ఆడటం లేదు. ఇంకా ఆలస్యమైతే వేలు దక్కదు."

కూతురు తన జడ రెండు చేతులా పట్టుకుని భోరుమంది. మాస్టారికి మాత్రం, సిగ్గులేని మనిషి, ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంట్లో తొడుగు విప్పినప్పుడే లోపల తెగిన దారం కొస ఆయన కంటపడింది. గుట్టుచప్పుడు కాకుండా ఆ తొడుగుని జేబులో దోపుకున్నాడు.

డాక్టరమ్మ సన్న కత్తెరతో తెంపి, లాగి, పళ్ళెంలో పెట్టింది. "వెంట్రుక కాదు, దారం. ఎక్కడిదో ఏమో. పోనీలెండి, వచ్చేసింది."

నిమ్మపండు రంగు పోగు. ఒక్కటే. మాస్టారు ఎప్పుడూ దారాన్ని జంటగా మడిచే కుడతాడు. నోరు విప్పకపోతే పరువు మిగులుతుంది. వేలు మిగలదు.

"అమ్మా... ఇంకోటి ఉండాలి," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"అది నా దారం. నేను రెండు పోగులతో కుడతాను." జేబులోంచి తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని... దీన్ని తిరగేసి చూడలేదు."

డాక్టరమ్మ మళ్ళీ భూతద్దం అందుకుంది. మాంసంలోకి దిగబడిపోయిన రెండో పోగు దొరకడానికి పది నిమిషాలు పట్టింది. అది తెగాక వంకాయ రంగు మెల్లగా ఎర్రబడింది. కాసేపటికి పాప పాలు తాగింది.

"మీరు చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే కట్టు కట్టి ఇంటికి పంపేసేదాన్ని," అంది డాక్టరమ్మ. ఎవరైనా మెచ్చుకుంటే భూమిలోకి కుంగిపోవాలని మాస్టారికి అనిపించడం జీవితంలో అదే మొదటిసారి.

"నీ జడ తప్పేం లేదమ్మా," అన్నాడు కూతురితో. ఆమె పాపని ఆయన చేతుల్లో పెట్టింది.

ఇంటికెళ్ళగానే భార్య తన బట్టలన్నీ తిరగేసి మిషను మీద కుప్ప పోసింది. పైన కత్తెర పెట్టింది.

"నలభై ఏళ్ళవి. కానివ్వండి."

మాస్టారు కుప్పని పక్కకి జరిపి, ముందు పాప చొక్కాలు తెమ్మన్నాడు.