చప్పుడు చేయని పిల్లవాడి పాట

యలహంక పాత ఊరిలో మా ఇల్లు. మేడమీద అద్దెకుండే ఎలిజబెత్‌ది చీరాల. నర్సు. ఎన్నో ఏళ్ళుగా రాత్రి డ్యూటీలే. పొద్దున్నే వచ్చి, ఇంత అన్నం వండి, ప్రార్థన చేసుకుని, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేది. భర్త పోయాక ఆవిడకు మిగిలింది ఒక్కగానొక్క కొడుకు, స్టాన్లీ.

వాడికి గిటారు పిచ్చి. అయినా వాళ్ళమ్మ పడుకున్నంతసేపూ ఆ ఇంట్లో చీమ చిటుక్కుమనేది కాదు. వాడిది కరెంటు గిటారు. శబ్దం బయటికి రాకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటలకొద్దీ వాయించుకునేవాడు. నేను బట్టలారేయడానికి మేడెక్కితే ముందుగది తలుపులోంచి కనిపించేవాడు, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ. "పిల్లోడంటే వీడప్పా! వాళ్ళమ్మ నిద్ర ఎట్ల కాస్తా ఉండాడో చూడు" అని మా ఆయనతో ఎన్నిసార్లన్నానో. వీధిలో అల్లరి పిల్లలకు వాణ్ణే చూపించి బుద్ధి చెప్పేదాన్ని.

మొన్న వానాకాలంలో డెంగీ వచ్చి పోయాడు. పదిహేడేళ్ళు. ఎందరి పిల్లలకో సెలైన్లు ఎక్కించిన చేతులు సొంత బిడ్డను నిలబెట్టుకోలేకపోయాయి. ఇందులో న్యాయమేమిటో ఆ దేవుడే చెప్పాలి. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాడితో కలిసి వాయించే పిల్లలు ముగ్గురు, సర్జాపుర రోడ్డులో ఒకే అపార్టుమెంటువాళ్ళు. కన్నడ రాజ్యోత్సవ పండక్కి అక్కడ పాడుతున్నామని, స్టాన్లీ కట్టిన పాట కూడా ఉందని వాళ్ళలో వర్షిణి అనే పిల్ల వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. ఎలిజబెత్ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆ పాట చివరి భాగం నేను వినలేదు. జ్వరం వచ్చే ముందు రోజు సాయంత్రం నేను లేవగానే, 'చివర కుదిరిందమ్మా' అన్నాడు. డ్యూటీకి లేటైపోతుంటే రేపు వింటాలే నాన్నా అన్నాను. ఆ పిల్లలకి నేర్పే ఉంటాడు. మీరూ రండక్కా, ఒక్కదాన్నే కూర్చుని వినలేను."

"రాకుండా యాడికి పోతానమ్మా" అన్నాను.

ఆ అపార్టుమెంటు పచ్చిక మీద వేదిక, చుట్టూ ఎర్ర పసుపు జెండాలు, ఒక పక్క చాట్ బండి. పిల్లల్ని చూడగానే నాకు నవ్వొచ్చింది. డ్రమ్ముల ముందు కూర్చున్నవాడికి మీసమైనా సరిగ్గా మొలవలేదు. వీళ్ళేం వాయిస్తారులే అనుకున్నాను. మొదలుపెట్టగానే నా నోరు మూతపడింది. డ్రమ్ముల దెబ్బ కాళ్ళకింద నేలలోంచి పైకొచ్చింది. వర్షిణి గొంతెత్తేసరికి పానీపూరి కోసం తోసుకుంటున్నవాళ్ళు కూడా తిరిగి నిలబడ్డారు. ఆ బక్కపిల్లలో అంత గొంతు ఎక్కడుందో! ఇంత విద్య ఉన్నవాళ్ళలో మావాడూ ఒకడని గర్వం వేసింది.

చివరికి స్టాన్లీ పాట వచ్చింది. ఎలిజబెత్ నా చెయ్యి పట్టుకుంది. అన్నం తింటూ వాడు కూనిరాగం తీస్తుంటే విన్నదే కనుక మొదటి భాగమంతా ఆవిడ పెదవులు కదుపుతూనే ఉంది. పాట మెల్లగా పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, అక్కడ టక్కున ఆగింది. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"ఇంకా ఉందక్కా. ఉండండి" అంది ఎలిజబెత్, చెయ్యి వదలకుండా.

కానీ పిల్లలు వాయిద్యాలు పక్కన పెట్టి నేరుగా మా దగ్గరికే వచ్చారు.

"సారీ ఆంటీ, మా దగ్గర అంతవరకే ఉంది" అంది వర్షిణి. "ఎండింగ్ దొరికింది, శనివారం వచ్చి వినిపిస్తానని మెసేజ్ పెట్టాడు. తర్వాత ఇంక రాలేదు. ఇంట్లోనే కదా కంపోజ్ చేసింది, మీరు వినుంటారు. కొంచెం హమ్ చేయరా ఆంటీ? మేం పట్టుకుంటాం."

ముగ్గురూ ఆవిడ నోటివంకే ఆశగా చూస్తున్నారు. పాట ఆవిడ దగ్గరుందని వాళ్ళు, వాళ్ళ దగ్గరుందని ఆవిడ ఇన్నాళ్ళూ నమ్ముకున్నారు.

"నేను పక్కగదిలోనే ఉన్నాను తల్లీ" అంది ఎలిజబెత్. "పడుకుని ఉన్నాను."

పిల్లలకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వర్షిణిని దగ్గరికి తీసుకుని, బాగా పాడావమ్మా అని చెప్పి, ఆవిడ లేచింది.

తిరుగు దారిలో హెబ్బాళ దాటాం. కారు అద్దంలోంచి బయటికే చూస్తూ అప్పుడంది ఎలిజబెత్:

"ఇల్లు దద్దరిల్లేలా వాయించి ఒక్కసారి నా నిద్ర చెడగొట్టుంటే ఏం పోయేదక్కా?"

చప్పుడు చేయని పిల్లవాడని వీధంతా చెప్పుకు తిరిగింది నేనే.