అక్క పోయిన పూట కదిలిన కణాలు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఎవరన్న చెప్తె విని ఊకునేటోణ్ణి. పైగా నేను చేసే పనే బతికినయెన్ని, చచ్చినయెన్ని అని లెక్కపెట్టుడు. ఇది రాస్తె తోటోళ్ళు నవ్వుతరని చాన రోజులు ఆగిన. జరిగింది జరిగినట్టు చెప్త. మీరేమనుకున్నా సరే.

మాది ఎల్లారెడ్డి. నేను హైదరాబాద్‌ల ఒక ల్యాబుల టెక్నీషియన్‌ని. ప్రాణమున్న కణాలను జెల్లుల కలిపి, సిరంజిల నింపి, మిషన్‌తోని ప్రింట్ చేస్తం. మురుకులు ఒత్తినట్టే, కాకపోతే చాన సన్నటి గీతల్ల. వరుస మీద వరుస వేసి, గోరంత ముక్క తయారు చేస్తం.

కణాలకు అది పెద్ద గండం. గాలి ఒత్తిడి ఎక్కువైతె సూదిల్నే పొర చినిగి చస్తయి. తక్కువైతె సూది మూసుకపోతది. సిరంజిల ఎక్కువసేపు ఉంచినా నీరసపడతయి. ప్రింటయినంక రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తె బతికున్నవి ఆకుపచ్చగ, చచ్చినవి ఎర్రగ మెరుస్తయి. ఆ లెక్క రాసుడే నా పని.

మా మేడం మొదట్లనే ఒక మాట చెప్పింది. "పచ్చగ కనబడ్డంత మాత్రాన బాగున్నయనుకోకు. నలిగిన దెబ్బ కొన్ని రోజులయినంక తెలుస్తది. బతికే ఉంటయి, కానీ చెయ్యాల్సిన పని చెయ్యవు."

మా అక్క భాగ్య నాకంటె ఆరేండ్లు పెద్ద. ఎల్లారెడ్డిలనే ఇచ్చినం. బావ ఆటో నడుపుతడు, అక్క బీడీలు చేస్తుండె. పెద్దబిడ్డ శ్రావణి పుట్టినంక చాన ఏండ్లకు చిన్నోడు పుట్టిండు. ఆ కాన్పు అయిన నెలకు అక్కకు కాళ్ళు వాచినయి. పండుకుంటె ఊపిరాడక లేచి కూసునేది. కామారెడ్డిల చూపిస్తె గుండె సాగిందన్నరు, రక్తం కొట్టే బలం తగ్గిందన్నరు. కొందరికి కాన్పు తర్వాత గిట్ల అయితదట.

మా ల్యాబుల సరిగ్గ అసొంటి గుండెల మీదనే పని నడుస్తుండె. మనిషి రక్తం నుంచి కణాలు తీసి, వాటిని మార్చి, గుండె కణాలుగ పెంచుతరు. నెలలు పడుతది. అవి గిన్నెల వాటంతట అవే కొట్టుకుంటయి. వాటితోని ముక్క ప్రింట్ చేసి, ఏ మందు పనిచేస్తదో చూస్తరు. మేడంను అడిగి, కాగితాల మీద సంతకం పెట్టించి, అక్క రక్తం కూడ తీసుకున్నం. డబ్బాల మీద పేర్లుండవు, నంబర్లే. ఆ నంబరు ఎవరిదో మేడంకు, నాకు తెలుసు.

రక్తం తీసిన రోజు అక్క నన్ను అడిగింది.

"తమ్మీ, దీంతోని నాకు కొత్త గుండె అయితదా?"

కాదని చెప్పాలె. అది మందుల పరీక్షకే, మనిషికి పెట్టే రోజు ఎప్పుడొస్తదో ఎవరికీ తెల్వదని చెప్పాలె. ఆమె ముఖం చూసి నోరు రాలేదు.

"అయితది అక్కా. కొంచెం టైం పడుతది," అన్న.

ఆ మాట వాడకట్టంతా చెప్పుకుంది. బీడీల చాట ఒడిల పెట్టుకొని, వచ్చినోళ్ళకు పోయినోళ్ళకు, మా తమ్ముడు నాకు గుండె చేస్తుండు అని చెప్పేది. వింటుంటె నాకు తల ఎత్త బుద్ధి కాకపోయేది.

ఏడాది తిరిగేసరికి ఇంకా నీరసపడ్డది. హైదరాబాద్ డాక్టరు, గుండె మార్పిడికి పేరు రాయించుకొండ్రి, ఆలస్యం చేయకుండ్రి అన్నడు. అక్క ఒప్పుకోలేదు.

"ఇంకొకరు చస్తెనే కద నాకు గుండె వచ్చేది. నాకొద్దు. మా తమ్ముడు చేస్తుండు."

నేను మంచం పక్కనే నిలబడ్డ. అప్పుడన్న చెప్పాలె. డాక్టరు నా దిక్కు చూసిండు. నేను కిందికి చూసిన. ఇప్పటికీ నాకు అన్నింటికంటె ఎక్కువ గుచ్చుకునేది ఆ ఒక్క నిమిషమే.

అక్క కణాలను ప్రింట్ చేసిన పొద్దు మిషన్ కాడ నేనే కూసున్న. ఒత్తిడి ఎంత తగ్గించచ్చో అంత తగ్గించిన. సిరంజిల ఎక్కువసేపు ఉంచలేదు. మామూలుగ ప్రింటయినంక కణాలు కొట్టుకునుడు ఆగిపోతది. రెండు మూడు రోజులకు తేరుకొని మళ్ళ మొదలుపెడతయి. అక్కవి మొదలుపెట్టలేదు. నాలుగు రోజులు చూసిన. వారం చూసిన. అక్క కణాలతోనే చేసిన పక్క ముక్కకు రంగు వేసి చూస్తె దాదాపు అన్నీ పచ్చగనే ఉన్నయి. బతికే ఉన్నయి, కదలలేదు. మేడం, ఇంక పారేద్దాం అన్నది. రెండు రోజులు ఆగమని బతిమిలాడిన.

పదకొండో రోజు మంగళవారం. అన్నం తిని వచ్చి, పారేసే ముందు ఒకసారి చూద్దామని ఆ గిన్నె మైక్రోస్కోపు కింద పెట్టిన. ముందు ఏమీ లేదు. నేను చూస్తుండంగనే ఒక మూల చిన్నగ గుంజినట్టు అయింది. మళ్ళొకసారి. తర్వాత ముక్క మొత్తం ఒక్కతీరుగ కొట్టుకునుడు మొదలుపెట్టింది. నేను వీడియో తీసిన. దాని మీద టైం రెండు గంటల నలభై ఒక్క నిమిషం.

నా సంతోషానికి అంతు లేదు. గ్లౌజులు తీసేసి వరండాలకు వచ్చి అక్కకు ఫోన్ చేసిన. ఎత్తంగనే చెప్పాలని, "అక్కా, కొట్టుకుంటున్నయే," అన్న.

ఫోన్ ఎత్తింది బావ.

"రాజూ, మీ అక్క పోయింది," అన్నడు. "తాడ్వాయి దాటినం. ఇప్పుడే."

పొద్దటి నుంచి ఆయాసమైతుందట. బావ తన ఆటోలనే కామారెడ్డికి తీసుకొస్తుండు. తల శ్రావణి ఒడిల ఉందట. శ్వాస ఆగిందని పిల్ల చెప్తె, ఆటో పక్కకు ఆపి, బావ వాళ్ళ అన్నకు ఫోన్ చేసిండు. తర్వాత ఆ ఫోన్ నేను చూసిన. ఆ కాల్ రెండు గంటల నలభై రెండుకు ఉంది.

దినాలు అయ్యేదాకా ఎల్లారెడ్డిలనే ఉన్న. ల్యాబుల మాధవి అని తోటి అమ్మాయి గిన్నెలల్ల పోషకాల నీళ్ళు మార్చేది. ఆమెకు ఆ నంబరు ఎవరిదో తెల్వదు. రోజూ మెసేజ్ పెట్టేది, మీ ముక్క మంచిగ కొట్టుకుంటుంది అని. అది చదివి, ఇంటెనుకకు పోయి ఏడ్చేటోణ్ణి. ఎవరికీ చెప్పలేదు.

పదమూడో నాడు డ్యూటీకి పోయిన. మొట్టమొదలు ఆ గిన్నెనే తీసిన. కొట్టుకుంటుంది. ఒక్కణ్ణే ఉన్న ఆ రూముల. చాన సేపు చూసుకుంట కూసున్న. తర్వాత, ఎట్ల వచ్చిందో తెల్వదు, నోట్లకెంచి మాట వచ్చింది.

"అక్కా, నేను అబద్ధం చెప్పిన. నీకు గుండె ఎవ్వరూ చేస్తలేకుండె."

ఇంకో నాలుగైదు సార్లు కొట్టుకుంది. ఆగింది.

మేడంకు టైములు, వీడియో అన్నీ చూపించిన. ఆమె నవ్వలేదు. గిన్నె బయట ఎక్కువసేపు ఉంటె చల్లబడి ఆగచ్చు, లోపల పెట్టు, మళ్ళ మొదలైతది అన్నది. పెట్టినం. వేడి సరిచూసినం. నాలుగు రోజులు ఆగినం. కదలలేదు. రంగు వేసి చూసినం. ఎరుపు ఎక్కడో ఒకటీ అరా, మిగిలినయన్నీ పచ్చగనే. ఎందుకు ఆగిందో ఆమె కూడ చెప్పలేకపోయింది. మిగిలిన కణాలతోని ఇంకోసారి ప్రింట్ చేద్దామా అని అడిగితె, నాతోని కాదని చెప్పిన. వేరేవాళ్ళు చేసిన్రు. అవి మూడో రోజుకే మొదలుపెట్టినయి, అన్నింటి లెక్కనే.

నెల మాసికానికి ఊరికి పోయినప్పుడు శ్రావణిని పక్కకు పిలిచిన. పదకొండేండ్ల పిల్ల. తమ్ముణ్ణి సంకల వేసుకొని వచ్చింది. ఇంక దాచొద్దనిపించింది. మీ అమ్మకు గుండె చేస్తున్నమని చెప్పింది అబద్ధమమ్మా, అది ఇంకా ఎవ్వరితోని అయ్యే పని కాదు అని చెప్పిన.

పిల్ల తమ్ముని చెంప తుడుచుకుంట అన్నది, "అమ్మకు తెల్సు మామా."

"ఎట్ల తెల్సు?"

"ఆ సంతకం పెట్టిన కాగితం నాతోని చదివిపిచ్చుకుంది. అండ్ల రాసుంది, ఇది మీ వైద్యానికి కాదు అని. మామకు చెప్పకు, బాధపడతడు అన్నది."

నేను చేతులు చాపి, ఆమె సంకల నుంచి చిన్నోణ్ణి తీసుకున్న.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. ఆ మంగళవారం ఆ నిమిషానికే అవి ఎందుకు కదిలినయో, నేను మాట్లాడంగనే ఎందుకు ఆగినయో, నాకు ఇప్పటికీ తెల్వదు. యాదృచ్ఛికం అని ఎవరన్న అంటె కాదనను. వీడియో నా దగ్గర్నే ఉంది. ఒక్కసారి కూడ మళ్ళ చూడలేకపోయిన.