కాలేజీ జట్టు ఓడిపోవాలని మొక్కుకున్న రోజు

మా చిన్నప్పుడు... దోహాలో, అల్ హిలాల్ అనే పేటలో, కాలేజీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. బాపు ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు బస్సు డ్రైవర్. ఆ పొద్దున కూడా అన్ని పొద్దుల్లాంటిదే... అమ్మ జొన్నరొట్టె కాలుస్తోంది. బాపు బకెట్ నీళ్ళతో బస్సు అద్దాల మీది ఇసుక కడుగుతున్నాడు. నేను సీట్ల కింద ఊడుస్తున్నాను... నారింజ తొక్కలు, కాలికి చుట్టుకునే పట్టీలు, ఎవరిదో ఒంటి మేజోడు.

ఊడ్చాక నాకు ఇంకో పని. ముందు టైర్ల కింద చెరొక నిమ్మకాయ పెట్టాలి.

ఆ బస్సు కొత్తగా చేతికొచ్చిన రోజు బాపు మన ఊళ్ళో లాగే నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఆటగాళ్ళు నవ్వారు. ఆ సాయంత్రం అందరికంటే గట్టి జట్టును ఓడించి వచ్చారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మ్యాచ్ రోజున మేనేజరే నిమ్మకాయలు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. డ్రైవర్ మారకూడదు, నిమ్మకాయ తప్పకూడదు... అదీ వాళ్ళ నియమం. ఆ ఏడాది కప్పు చివరికి వాళ్ళదే అయింది. వేసవిలో వరల్డ్ కప్ ఉంది కనుక దోహాలో ఎక్కడ విన్నా బంతి మాటే...

కానీ మా చెల్లి రమ మెట్‌పల్లిలో, పిల్లల్లేని చిన్నమ్మ దగ్గరే ఉండిపోయింది. మేం విమానం ఎక్కేనాటికి దానికి తట్టు పోసింది. అప్పుడు రెండేళ్ళది. నన్నూ తమ్ముడినీ తెచ్చుకుని, దాన్ని వదిలి వచ్చారు. రెండేళ్ళకోసారి వచ్చే సెలవులో బాపు వెళ్ళి తీసుకురావాలి. అమ్మకు ఒక్కతే విమానం ఎక్కే ధైర్యం లేదు.

ఆ సెలవు వచ్చింది. కానీ జట్టు ఓడితే కదా పంపేది... గెలిచిన ప్రతిసారీ మేనేజర్ బాపు భుజం తట్టేవాడు.

"ఏక్ మ్యాచ్ ఔర్. ఫిర్ ఛుట్టీ. యల్లా."

ఇంకొక్క మ్యాచ్, ఆ తర్వాత సెలవు, ఇక పద అని. అలా మూడుసార్లు అయింది.

ఆ పొద్దున సెమీఫైనల్. అమ్మ రొట్టె అందిస్తూ అడిగింది.

"ఇయ్యాల గూడ గెలుస్తరా?"

"గెలుస్తరేమో. నన్నేం జేయమంటవ్?"

"నువ్వు దెచ్చిన నిమ్మకాయ ముచ్చటే గదా. ఊరోళ్ళ పోరగాండ్లకు కలిసొచ్చె, మన పోరికి రాకపాయె."

బాపు రొట్టె తుంచి, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేశాడు.

నేను దేవుడి పటం ముందు నిలబడ్డాను. అప్పటిదాకా వాళ్ళు గెలవాలనే మొక్కేదాన్ని... నాకు బిస్కెట్లు ఇచ్చేవాళ్ళు పాపం. ఆ రోజు ఓడిపోవాలని మొక్కుకున్నాను. బాపు సీట్లో కూర్చోగానే వంగి రెండు నిమ్మకాయలూ తీసేశాను. బస్సు వెళ్ళిపోయింది.

గెలిచారు.

సాయంత్రం బాపు చిన్నమ్మ ఉత్తరం తెచ్చాడు. నేనే చదివి వినిపించాను. "అక్కా, పిల్ల నన్నే అమ్మా అంటున్నది. నీ ఫోటో చూపిస్తే మొకం తిప్పుకుంటున్నది. బావ వస్తడని చెప్పిన దినం జరమొచ్చి పన్నది. నీకు ఇద్దరున్నరు..." ఆ పైన కొట్టేసి ఉంది.

నేను నిమ్మకాయలు తీసేసిన సంగతి చెప్పాను. కొడతాడనుకున్నాను.

"తీసినా గెలిచిండ్రా?" అన్నాడు బాపు. లేచాడు. "అయితే గిదే చెప్త మేనేజర్‌కు. నేను లేకున్న గెలుస్తరు, పోనియ్యమంట."

"పోయి ఏం జేస్తవ్?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "గుంజుకొస్తే నన్ను జూసి ఏడుస్తది. మా చెల్లె ఆడ ఏడుస్తది. ఉండనియ్యి."

బాపు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చి, కాగితం నా ముందు పెట్టాడు. "రాయి బిడ్డా," అన్నాడు నాతో.

అమ్మ చెబుతుంటే నేనే రాశాను. రమ ఇక చిన్నమ్మ బిడ్డ. మా అమ్మ దానికి పెద్దమ్మ.

ఇప్పుడు ఏ దేశంలో ఉన్నా పిల్లలు రోజూ ఫోన్‌లో మొహాలు చూసుకుంటున్నారు... అప్పుడు మాకు ఒక్క ఫోటో ఉండేది. మీ ఇళ్ళల్లోనూ ఇలా వరుస మారిన పిల్లలు ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి. దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.